మూడు కాగితాలు, మూడు వయసులు

ప్రశ్న: మా ముత్తాత నాటాల్ (దక్షిణాఫ్రికా) చెరకు తోటలకు కూలీగా వెళ్లాడు. 1889 ఓడ జాబితాలో వయసు 22. 1896 పెళ్లి నమోదులో 26. సమాధి రాయి మీద పుట్టిన సంవత్సరం 1862. దేన్ని నమ్మాలి? ఊరు ‘గంజాం, చికాకోల్’ అని ఉంది.

జవాబు: పుట్టుక విషయంలో దేన్నీ పూర్తిగా నమ్మకండి. ఓడ జాబితా లెక్కన 1867, పెళ్లి లెక్కన 1870 వస్తాయి. రెండూ అంచనాలే, గుమాస్తా మనిషిని చూసి రాసుకున్న వయసులు కావచ్చు. రాయి పిల్లలు తర్వాత వేయించినది కావచ్చు. దాని మీది మరణ తేదీకి బలం ఎక్కువ, జన్మ సంవత్సరానికి తక్కువ. ప్రస్తుతానికి ‘1862–1870 మధ్య’ అని రాసుకోండి.

అసలు ప్రశ్న వయసు కాదండీ, ముగ్గురూ ఒకరేనా అన్నది. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ ఒక కలోనియల్ నంబరు (వలస ప్రభుత్వం ఇచ్చిన సంఖ్య) ఉంటుంది. పెళ్లి నమోదులో అదే నంబరు కనిపిస్తే సందేహం తీరినట్టే. లేకపోతే తండ్రి పేరు, తాలూకా సరిపోల్చండి. ఇంటిపేరుతో మాత్రం సరిపోల్చొద్దు: అక్కడ ‘నాయుడూ’ లాంటివి తర్వాత చేరినవీ ఉన్నాయి, తండ్రి పేరే ఇంటిపేరైన కుటుంబాలూ ఉన్నాయి. అప్పడు, రాముడు లాంటి పేర్లను చెవికి వినిపించినట్టు రాశారు కాబట్టి పైకి చదివి చూడండి.

చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936 దాకా అది గంజాం జిల్లాలోది. ఇప్పటి గంజాం జిల్లా ఒడిశాలో ఉంది కదా అని అక్కడ వెతక్కుండా, ఇక్కడి పాత భూమి రికార్డుల్లో ఆ తండ్రి పేరు చూడండి. నాటాల్ ఎస్టేట్ ఫైళ్లలో (చనిపోయినవారి ఆస్తి కాగితాల్లో) మరణ నోటీసు దొరికితే తల్లిదండ్రుల పేర్లూ ఉండొచ్చు. సమాచారం ఇచ్చిన వారి సంతకం ఎవరిదో ముందు చూడండి.