చెన్నై ఇంటి ఆవరణలో తక్కువ నీటితో పెరిగి, తేనెటీగలకు ఉపయోగపడే దేశవాళీ పూలమొక్క ఏది? దానిని ఎలా పెంచాలి?

నా సలహా తంగేడు. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వును తమిళులు ఆవారం అంటారు. చెన్నై శివార్లలోని బీడు భూముల్లో ఇది సహజంగానే పెరుగుతుంది.

తంగేడు పువ్వులో మకరందం ఉండదు, కీటకాలు పుప్పొడి కోసమే వస్తాయి. ఆ పుప్పొడి కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల గుండా మాత్రమే రాలుతుంది కాబట్టి, పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను గట్టిగా కంపింపజేయగల నల్లని తుమ్మెదలే దీనికి అసలైన నేస్తాలు. సాధారణ తేనెటీగలకు ఆ విద్య రాదు. అందుకే పక్కనే తుమ్మి మొక్కలను కూడా ఎదగనివ్వండి, వాటి తెల్లని పూలలో మకరందం దొరుకుతుంది. ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తంగేడు ఆకులను తింటాయి గనుక, దయచేసి పురుగుమందు చల్లకండి.

ఎండిన కాయల నుండి తీసిన విత్తనాల పైపొర గట్టిగా ఉంటుంది. వేడినీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, మరునాడు విత్తాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది, నారు పీకి నాటితే అది దెబ్బతినే ప్రమాదముంది, కాబట్టి నేరుగా నేలలోనే విత్తడం మేలు. జూన్, జూలైలో విత్తితే అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాల నాటికి మొక్క నిలదొక్కుకుంటుంది. బంకమట్టి అయితే ఇసుక కలిపి మడిని ఎత్తు చేయండి, ఎందుకంటే చెన్నైలో ఈ మొక్కకు ఎండ కన్నా నిలిచిన వాననీరే ఎక్కువ హాని చేస్తుంది. మొదటి వేసవి దాటాక నీరు పోయవలసిన అవసరం చాలా అరుదు.