బడికి చేతులు, బిడ్డకి చెవులు

చి.ల.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ పెరంబూరులో అందరం క్షేమం. మీ పెదనాన్నగారి మోకాళ్లు మాత్రం వానలు మొదలయ్యాక కాస్త ఎక్కువ సతాయిస్తున్నాయి.

బుజ్జిగాడి బడి పనుల్లో ఎలా సాయపడాలని నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి ఫోన్లోనే జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. ఒక పక్క నీ కుక్కరు కూతలు, ఇంకో పక్క బుజ్జిగాడి గోల. అందుకే కాగితం కలం తీశాను. బడివాళ్లు నిన్ను పేరెంట్స్ కమిటీలో వేశారనీ, యాన్యువల్ డే, సైన్స్ ఎగ్జిబిషన్ రెండూ ఒక్కసారే నెత్తిన పడ్డాయనీ అన్నావు. ఒంగోలు నుంచి చెన్నై వచ్చి ఏడాదన్నా కాలేదు, తమిళం రాదు, ఆ తల్లులంతా ఇంగ్లీషులో దంచేస్తుంటే నోరు పెగలడంలేదన్నావు. దిగులుపడకు. టీచరుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి వార్షికోత్సవానికీ నేను తెర వెనకే ఉన్నాను. అమ్మానాన్నలు ఎక్కడ అక్కరకొస్తారో, ఎక్కడ అడ్డంపడతారో నాకు బాగా తెలుసు.

చాలామంది చేసే సాయం తారుమారుగా ఉంటుంది. పిల్లవాడు చెయ్యాల్సింది వీళ్లు చేసిపెడతారు, వీళ్లు చెయ్యాల్సింది బడిమీద వదిలేస్తారు. చార్టు మీద బొమ్మ నాన్న వేస్తాడు, థర్మోకోలు అమ్మ కోస్తుంది, ఉపన్యాసం తాతగారు రాసిస్తారు. తీరా కార్యక్రమం రోజున నలుగురు టీచర్లు ఒక మంద పిల్లల్ని సముదాయించలేక చస్తుంటే, వీళ్లు ముందు వరుసలో కుర్చీ కోసం వాచ్‌మన్‌తో తగువు పడుతుంటారు. నువ్వు దాన్ని తిరగెయ్యి. చేతులు బడికివ్వు, చెవులు పిల్లవాడికివ్వు.

ముందు కమిటీ సంగతి. శనివారం మీటింగ్‌లో అందరూ స్టేజీ అలంకరణ, ఆహ్వాన పత్రికలు, ముఖ్య అతిథికి బొకే ఇవ్వడం లాంటివి ఎగబడి తీసుకుంటారు. నువ్వు మాత్రం ‘నాకు గ్రీన్‌రూమ్ ఇవ్వండి’ అను. పోటీకి ఎవరూ రారు. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు, తమిళం కూడా ‘ఇంగె వా (ఇటు రా), నిల్లు (నిలబడు), తన్నీ కుడి (నీళ్లు తాగు)’ అనేంత వస్తే చాలు.

ఒక సంచీ సిద్ధం చేసుకో. పిన్నీసుల డబ్బా పెద్దది, తలపిన్నులు, నల్లదారం ఎక్కించిన సూది ఒకటి, ఎర్రదారం ఎక్కించింది ఇంకొకటి, తడిగుడ్డ, దూది, మార్కర్ పెన్ను, పాత దుప్పటి ఒకటి. దుప్పటి ఎందుకంటావేమో, బట్టలు మార్చే మూలకి అడ్డం కట్టడానికి. నాలుగో తరగతి ఆడపిల్లలకి సిగ్గు ఉంటుందని పెద్దవాళ్లకి గుర్తుండదు. ప్రతి బిడ్డ చెప్పులూ, విప్పిన యూనిఫామూ ఒక కవర్లో పెట్టి దాని మీద పేరు రాయి. లేకపోతే కార్యక్రమం అయ్యాక ఒకేరకం నల్లబూట్ల గుట్ట ముందు కూర్చుని అర్ధరాత్రి దాకా వెతుక్కోవాలి. పంచె కట్టాల్సిన పిల్లలకి నడుము దగ్గర ఎలాస్టిక్ వేసి కుట్టిన పంచే తెమ్మను, లోపల నిక్కరు ఉండాల్సిందే. సరిగ్గా స్టేజీ ఎక్కేముందే వాళ్లకి ఒంటేలు వస్తుంది, ఇది తప్పదు. అలంకారం అయ్యాక ఆకలంటారు కదా, అప్పుడు వాళ్ల నాన్న పాత చొక్కా ఒకటి ముందు నుంచి చేతులు దూర్చి, వెనక బొత్తాలు పెట్టి, ఆ తర్వాతే పెరుగన్నం డబ్బా చేతికియ్యాలి. జరీ పరికిణీ మీద పడిన పెరుగు మరక లైట్ల కింద చివరి వరుస దాకా కనిపిస్తుంది. ఈ చొక్కా ఉపాయం మా బడి ఆయాది. నేను చెప్పుకుని తిరుగుతుంటాను.

అన్నిటికంటే ముఖ్యం, ఆట అయ్యాక పిల్లల్ని అప్పగించడం. జనం గేటు దగ్గర తోసుకుంటారు, దీపాలు సగం ఆరిపోతాయి, ‘నేను వాడి బాబాయిని’ అంటూ ఎవరో వస్తారు. ముందురోజే ప్రతి పిల్లవాడికీ ఎవరు తీసుకెళ్తారో ఒక లిస్టు రాసుకో, సంతకం పెట్టించుకుని పంపు. అలిగిపోయే పెద్దమనిషి అలగనీ.

రిహార్సళ్లు నవంబరులో పెట్టారంటే మాత్రం గట్టిగా చెప్పు, సగం రోజులు జరగవని. కార్తీకంలో ఇక్కడ వానలు మంచి జోరు మీదుంటాయి. తెల్లారేసరికి కలెక్టరు సెలవు ప్రకటిస్తాడు, నీకు పప్పు పొయ్యి మీద పెట్టాక తెలుస్తుంది. పొంగల్ సెలవులు దాటాక ఆరుబయట పెట్టుకుంటే హాయి.

ఇక బట్టల ధర. నువ్వు నోరు విప్పాల్సింది ఇక్కడే, ఇంకెక్కడా విప్పకపోయినా సరే. డ్యాన్సు మాస్టారు ఏదో ఫోటో చూపించి తలకింత అంటాడు, ముందు కూర్చున్న నలుగురూ తలూపుతారు, అయిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం మైనారిటీ బడులు కాని ప్రైవేటు బడుల్లో, ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద ఇళ్ల పిల్లలవి. మీ బుజ్జిగాడి పక్క బెంచీలో ఆటో నడిపేవాళ్ల పిల్లవాడో, ఇస్త్రీ బండివాళ్ల పిల్లో ఉంటారు. వాళ్ల అమ్మ మీటింగ్‌కి రాదు, వచ్చినా మాట్లాడదు. ఆ రోజుకి పిల్లకి జ్వరమని చీటీ రాసి పంపుతుంది. ఇలాంటి జ్వరాలు నేను చాలా చూశాను. అందుకని ‘అద్దె డ్రెస్సు వద్దు, ఇంట్లో ఉన్న తెల్ల చొక్కా, దాని మీద రంగు కండువా’ అని నువ్వే ప్రతిపాదించు. కండువాల గుడ్డ గోడౌన్ స్ట్రీట్‌లో తాను లెక్కన తెచ్చుకుంటే తలకి ఎంతా పడదు. ఆ డబ్బు కూడా అందరి దగ్గరా వసూలు చెయ్యకుండా ఇవ్వగలిగినవాళ్ల దగ్గరే తీసుకుని, ఎవరిచ్చారో ఎవరివ్వలేదో క్లాసులో చదవకుండా ఉంటే చాలు.

మాట వచ్చింది కనుక ఒకటి చెప్తాను. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుకు కార్పొరేషన్ బడిలో చదువుతున్నాడన్నావు కదా. అదే చట్టం ప్రకారం ఆ బడికి మేనేజ్‌మెంట్ కమిటీ ఉండి తీరాలి, అందులో మూడొంతుల మంది, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులే అయ్యుండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది వాళ్లే. లక్షలు కట్టించుకునే మీ బడికి ఈ నిబంధన వర్తించదు. తమాషా చూశావా, నీకు లేని హక్కు ఆవిడకుంది. సమావేశం ఉన్న రోజు ఆవిణ్ణి ఒక గంట ముందు పంపించు, జీతం కొయ్యకు.

సైన్స్ ఎగ్జిబిషన్‌కి రెడీమేడ్ మోడల్ కొనకు. అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు తయారుచేసి అమ్మే దుకాణాలు ఊరంతా ఉన్నాయి. జడ్జీలుగా కూర్చునే టీచర్లకి కొన్న సరుకు దూరం నుంచే తెలిసిపోతుంది. వంకరగా అంటించినా వాడే అంటించాలి. ఆదివారం కాకుండా ఒక శనివారం అల్లుడుగారిని వాణ్ణి తీసుకుని మౌంట్ రోడ్ పక్కన ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్లమను. చిన్న మోటారు, బ్యాటరీ క్లిప్పు, రెండు ఎల్ఈడీ బల్బులు వాడిచేతే బేరమాడించమను. బల్బుకి రెండు కాళ్లుంటాయి, పొడుగుకాలు బ్యాటరీ ప్లస్ వైపు పెడితేనే వెలుగుతుంది, తిప్పి పెడితే వెలగదు. అది వాడు రెండుసార్లు తిప్పి చూసి తెలుసుకునేదాకా అల్లుడుగారు చేతులు కట్టుకుని కూర్చోగలిగితే అంతకంటే ప్రాజెక్టు లేదు. ఆరో తరగతికొచ్చాక ఇన్‌స్పైర్ మానక్ అని కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. పిల్లల సొంత ఆలోచనల్ని బడి ద్వారా ఆన్‌లైన్లో పంపుతారు, ఎంపికైన ఆలోచనకి నమూనా చెయ్యడానికి 10,000 రూపాయలిస్తారు. దానికి అడిగేది ఇల్లూ వీధీ చూసి పుట్టిన ఆలోచన. ఇప్పటినుంచీ వాడు ‘ఇదిలా ఎందుకుంది’ అన్నవి ఒక నోట్సులో రాయించు.

చెవుల సంగతికొస్తాను. బడి నుంచి రాగానే ‘ఈరోజేం చెప్పారు’ అని అడుగుతావు, వాడు ‘ఏం లేదు’ అంటాడు. అన్ని ఇళ్లలోనూ ఇదే. అలా కాక, ‘డబ్బాలో పులిహోర ఎవరు తిన్నారు’ అనో, ‘మిస్ రెండోసారి చెప్పాల్సొచ్చిన లెక్క ఏది’ అనో అడుగు. నోరు తెరుస్తాడు. తెరిచాక మధ్యలో సరిదిద్దకు, అంతే.

తమిళం నీకు రాదని బాధపడుతున్నావు కానీ, అదే నీకు కలిసొచ్చే సంగతి. 2006లో చేసిన చట్టంతో ఇక్కడ తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి చొప్పున తప్పనిసరి అయింది కనుక తప్పించుకునే దారి లేదు. నువ్వు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చో, వాణ్ణి తమిళ పాఠం పైకి చదివి నీకు తెలుగులో అర్థం చెప్పమను. చెప్పలేకపోయిన చోటే వాడికి రానిది. నీకు తెలిసిన సబ్జెక్టయితే నువ్వే అందించేసేదానివి, ఇక్కడ ఆ ప్రమాదం లేదు. ఉచ్చారణకి ఎదురింటి మామి దగ్గరికి రోజూ ఒక పేజీ పట్టుకెళ్లమను. బదులుగా గోంగూర పచ్చడి సీసా ఒకటి వెళ్తే ఆవిడే పిలిచి చెప్తుంది. బస్సుల్లో వెళ్లేటప్పుడు బోర్డులు చదివించు. తెలుగు మాత్రం ఇంట్లో వదలకండి. వాడు నాకు నెలకో ఉత్తరం రాయాలని నా ఆజ్ఞగా చెప్పు, తప్పులున్నా దిద్ది పంపొద్దు.

సెలవురోజుల్లో మాల్స్ తిప్పకుండా కోట్టూరుపురం తీసుకెళ్లు. 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో పిల్లలకి విడిగా విభాగం ఉంది. అదే గాంధీ మండపం రోడ్డులో బిర్లా ప్లానెటేరియం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అల్లుడుగారు కూడా వెంట రావాలి, ఫోను కారులో పెట్టి.

టీచర్‌తో మీటింగ్‌కి వెళ్లినప్పుడు ‘మార్కులెందుకు తగ్గాయి’ అని మొదలుపెట్టకు. ఎన్నిసార్లు విన్నానో, వినగానే మాకు రక్షణ ధోరణి వచ్చేస్తుంది. ‘అర్థంకానప్పుడు చెయ్యెత్తుతాడా, పక్కవాడి పుస్తకం చూస్తాడా? ఎవరి పక్కన కూర్చుంటే కుదురుగా ఉంటాడు?’ అని అడుగు. ఆ టీచర్ ఆ సాయంత్రం ఇంటికెళ్లాక కూడా నీ కొడుకు గురించి ఆలోచిస్తుంది. అల్లుడుగారి ఆఫీసు ఓఎంఆర్‌లో, అంటే పాత మహాబలిపురం రోడ్డులో, రావడం కష్టమే, కానీ ఏడాదికి ఒక్క మీటింగ్‌కైనా ఆయనే వెళ్లాలి. వాళ్ల నాన్న చిన్న కుర్చీలో ముడుచుకుని కూర్చుని తన నోట్సు తిరగేయడం పిల్లవాడు చూడాలి.

బహుమతుల మాట తక్కువే చెప్తాను. వస్తే మన బంధువుల గ్రూపులో పెట్టేముందు వాణ్ణి అడుగు. పక్క పిల్లల ముఖాలున్న ఫోటో అయితే అసలు పెట్టకు. ‘మా వాడు ఫస్టు, మీ వాడెంత’ అనే సంభాషణ మీ అత్తగారింట్లో మొదలైతే పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్లిపో. సర్టిఫికెట్లు, ముఖ్యంగా ఆటలవి, తేదీ వారీగా ఫైల్లో పెట్టు. రాకపోతే ‘పర్లేదులే, వచ్చే ఏడాది’ అని వెంటనే అనకు. ఏడవనీ. స్టేజీ మీద వాణ్ణి వెనక వరుసలో నిలబెట్టారని టీచర్ మీదికి వెళ్లకు, పొడుగు పిల్లలు ముందు నిలబడితే వెనకున్నవాళ్లు కనిపించరు, ఇంకే కుట్రా లేదు. వాడికి బహుమతి లేని రోజు కూడా చివరిదాకా కూర్చుని చప్పట్లు కొట్టి రండి.

శనివారం మీటింగ్‌కి కండువాల ధర కనుక్కుని కాగితం మీద రాసుకుని వెళ్లు, లెక్క చూపిస్తే ఎవరూ కాదనరు. మాట తడబడుతుందనుకుంటే క్లాస్ టీచర్‌కి ముందే చెప్పి ఆవిడచేత చెప్పించు. తేదీ ఖాయం కాగానే నాకు ఫోను చెయ్యి, కుక్కరు దించాక.

ఆశీస్సులతో,
పెద్దమ్మ