చార్జి, మోపు, మోత

సందేహం: నేను అనువాదాలు చేస్తుంటాను. ఇంగ్లీషు 'చార్జ్' బస్సు టికెట్టు దగ్గరా, పోలీసు కేసు దగ్గరా, ఫోను బ్యాటరీ దగ్గరా, లాఠీ దగ్గరా ఎదురవుతుంది. అన్నిటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి ఉందా? 'అతడిని హత్యతో అభియోగించారు' అని రాస్తే ఎడిటరు గారు కొట్టేశారు. అది తప్పా? చార్జి అని రాయాలా, ఛార్జి అనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఎడిటరు గారు కొట్టేసింది సబబే. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ మాట పుట్టుక చూడాలి.

ఇది బండి దగ్గర పుట్టిన మాట. ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతంలో ఉండిన ప్రాచీన గాల్ జనం బండిని 'కర్రోస్' అనేవారు. రోమన్లు దాన్ని 'కర్రుస్' అని తమ లాటిన్‌లో కలుపుకున్నారు. దానిమీద పుట్టిన క్రియ 'కర్రికారె', బండికెత్తడం అని అర్థం. అది పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దానికి ఇంగ్లీషులో దిగేసరికి చార్జ్ అంటే వట్టి బరువు. మనం రోజూ అనే కారు, కార్గో, టిఫిను క్యారియరు, కెరీరు, అన్నీ ఈ బండి సంతానమే. బరువు మనిషి నెత్తిన పడితే బాధ్యత అయింది, సొమ్ముగా పడితే రుసుము అయింది, నిందగా పడితే అభియోగం అయింది, తుపాకీ గొట్టంలో దట్టిస్తే మందు అయింది. అర్థాలు ఎన్నైనా అడుగున ఉన్న పని ఒక్కటే, ఒకదాని మీద బరువు పెట్టడం.

ఈ పనికి తెలుగులో ఎప్పటినుంచో ఉన్న మాట 'మోపు'. మేయు నుంచి మేపు వచ్చినట్టే మోయు నుంచి మోపు. తాను మేసేది ఆవు, దాన్ని మేపేది కాపరి. తాను మోసేవాడు ఒకడు, వాడిమీద మోపేవాడు మరొకడు. నామవాచకంగా మోపు అంటే తలకెత్తే కట్ట: గడ్డిమోపు, కట్టెలమోపు. గడ్డిమోపు కట్టడం చూసినవాళ్లకు ఈ క్రియ లోతు తెలుస్తుంది. తాడు రెండు పేటలుగా నేలమీద పరిచి, గడ్డి కట్టల మొదళ్లు ఒకసారి అటూ ఒకసారి ఇటూ వచ్చేట్టు అడ్డంగా పేర్చి, మోకాలితో అదిమి తాడు బిగిస్తారు. అన్నీ ఒకవైపే పేరిస్తే మొదళ్లవైపు బరువెక్కి మోపు నెత్తిన ఒరిగిపోతుంది. కట్టడం ఒక్కరే కట్టుకోవచ్చు కానీ బరువైన మోపును ఒంటరిగా తలకెత్తుకోవడం కష్టం. రెండో మనిషి ఎత్తిపెట్టాలి. నేరం మోపడంలోనూ ఈ ఇద్దరూ ఉంటారు, పెట్టేవాడూ మోసేవాడూ. అందుకే ఆ మాట అంత బలంగా పలుకుతుంది.

కాలు మోపడమూ ఇదే క్రియ. వామనుడు మూడో అడుగు బలి తలమీద మోపాడు. అక్రమార్కుల మీద ఉక్కుపాదం మోపుతామని ప్రభుత్వాలు చేసే ప్రకటనల్లోదీ ఇదే. పన్ను మోపడం, భారం మోపడం సరేసరి. ఇన్నిచోట్లా 'మీద' అనో 'పై' అనో పక్కన ఉండి తీరుతుంది, బరువుకు చోటు చూపాలి కాబట్టి. మీ వాక్యంలో జారింది ఇక్కడే. ఇంగ్లీషువాడు 'విత్' అన్నాడు గనక మీరు 'హత్యతో' అన్నారు. తెలుగులో హత్యతో చేసే పని ఏముంది? 'అతడిపై హత్యానేరం మోపారు' అనండి. కోర్టు భాష కావాలంటే 'అతడిపై హత్యాభియోగం నమోదు చేశారు' అనండి. 'అభియోగించారు' వ్యాకరణానికి లొంగుతుందేమో, చెవికి లొంగదు.

సంస్కృతం కూడా ఈ బాటనే నడిచింది. ఆరోహణ అంటే ఎక్కడం, ఆరోపణ అంటే ఎక్కించడం. వింటికి నారి ఎక్కించడం కూడా ఆరోపణమే. లేని గుణాన్నో దోషాన్నో ఒకరిమీద ఎక్కిస్తే అదే మనం వాడే ఆరోపణ. ఇక అభియోగానికి దాడి అనే అర్థమూ, న్యాయస్థానంలో ఫిర్యాదు అనే అర్థమూ సంస్కృతంలో రెండూ ఉన్నాయి. లాఠీచార్జి, చార్జిషీటు ఒకే ఇంగ్లీషు మాటలో ఎలా ఇమిడాయా అని ఆశ్చర్యపోనక్కర్లేదు.

మాటలు మన దగ్గర దండిగా ఉన్నాయి, వాటి హద్దులే చెరిపేస్తున్నాం. ఎఫ్‌ఐఆర్‌లో ఉండేది ఆరోపణ. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక చార్జిషీటు, అంటే అభియోగపత్రం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దానికి 193వ సెక్షను. నిందితుడు రిమాండులో ఉంటే, నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో అది దాఖలు కాకపోతే అతడికి బెయిలు హక్కు వస్తుంది. ఆ పత్రం చూసి, వాదనలు విని, ఏయే నేరాలకు విచారణ జరపాలో న్యాయమూర్తి నిర్ణయించడం అభియోగాలు ఖరారు చేయడం. అసలు 'చార్జ్' అదీ. ఎఫ్‌ఐఆర్ నమోదైన సాయంత్రమే 'అభియోగాలు ఖరారు' అని రాసేవాళ్లు నెలల తరబడి సాగే మూడు మెట్లను ఒక్క గెంతులో దాటేస్తున్నారు. డిశ్చార్జి పిటిషన్ సంగతీ అంతే. అది మోపు ఎత్తకముందే దించమని అడగడం. విచారణకు తగిన ఆధారం లేదని కోర్టు దాన్ని ఒప్పుకుంటే నిందితుడికి కేసు నుంచి విముక్తి. విచారణంతా జరిగి నేరం రుజువు కాకపోతే వచ్చేది నిర్దోషిత్వం. డిశ్చార్జి అయిన మనిషిని 'నిర్దోషిగా తేలాడు' అని రాయకండి, ఆ పరీక్ష ఇంకా జరగనే లేదు.

డబ్బు అర్థంలో చార్జీలు పూర్తిగా తెలుగైపోయింది, దాన్ని కదపనక్కర్లేదు. కానీ 'చార్జీల మోత' అనే పత్రికా శీర్షిక దగ్గర ఆగాలి. తెలుగులో రెండు మోతలున్నాయి. మోయు నుంచి వచ్చిన మోత బరువు. రెండోది అసలు 'మ్రోత', చప్పుడు. మ్రోగు మోగు అయినట్టే ఇదీ రేఫ జారవిడిచి మోత అయింది. 'వీపు విమానం మోత' అన్నప్పటిది ఈ రెండోదే. చార్జీల దగ్గర పొసిగేది బరువు మోత. దాన్నే 'చార్జీల మోత మోగింది' అని రాసి మూటను గంట చేశారు. 'చార్జీల మోత పెరిగింది' అంటే పోయేదేముంది? (మోతుబరికి ఈ రెంటితోనూ చుట్టరికం లేదు. అది నమ్మదగినవాడు అనే అర్థంలో అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన మాట.)

విద్యుత్తులోకి చార్జ్ తుపాకీ వైపు నుంచి వచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల చివర, కరెంటు నిలవచేసే లైడెన్ జాడీలను వరుసగా కలిపి, ఫిరంగుల వరుసకున్న 'బ్యాటరీ' పేరును వాటికి పెట్టాడు. మన పాఠ్యపుస్తకాలు చార్జ్‌ని ఆవేశం అన్నాయి. ఆవేశించడం అంటే లోపల ప్రవేశించడం, పూనడం కాబట్టి మాట మంచిదే. కానీ వాడుకలో ఆవేశమంటే ఉద్రేకం, కోపం. తరగతిలో ఆ తేడా ముందే చెప్పకపోతే ధనావేశం, రుణావేశం పిల్లలకు అయోమయంగానే మిగులుతాయి. ఇంట్లో మాత్రం వాళ్లే 'ఫోనుకు చార్జింగ్ ఎక్కడం లేదు', 'చార్జింగ్ తొందరగా దిగిపోతోంది' అంటారు. లాటిన్‌వాడు బండికెత్తినది, సంస్కృతం ఆరోపించినది, ఏ పండితుడూ చెప్పకుండానే తెలుగు నోట ఎక్కు, దిగు అయింది. సెలైన్ ఎక్కించడం, రక్తం ఎక్కించడం ఈ వరుసలోవే. కథలోనో సంభాషణలోనో 'ఫోను ఆవేశితమైంది' అని రాసే పట్టుదల దయచేసి వద్దు.

చార్జి తీసుకోవడం బాధ్యతలు స్వీకరించడం. ఇన్‌చార్జికి మన దగ్గర తాత్కాలికం అనే అర్థం కూడా చేరింది, అనువదించేటప్పుడు చూసుకోండి. లాఠీచార్జిని అలాగే ఉంచండి.

అన్నిటికీ ఒకే మాట కావాలన్న మీ కోరిక తీరేది కాదు, తీరనక్కర్లేదు కూడా. డబ్బుకు చార్జీలు, బాధ్యతకు చార్జి, బ్యాటరీకి చార్జింగ్ అని తెలుగు ఆ ఇంగ్లీషు మాటనే రూపాలుగా పంచుకుంది. నేరానికి మోపు ఉండనే ఉంది.

చివరిది చ, ఛల సంగతి. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఎల ముందు చ తాలవ్యం, అంటే నాలుక అంగిలికి తగిలి పలికేది (చిలుక, చెట్టు), అ, ఉ, ఒల ముందు దంత్యం, అంటే నాలుక పళ్ల దగ్గర తగిలి పలికేది (చాప, చుక్క). దంత్యాన్ని గుర్తించడానికి పాత నిఘంటువులు చ మీద చిన్న గుర్తు వేసేవి. చార్జిని చాపలాగా పలుకుతారేమోనన్న భయంతో ఒత్తు చ తెచ్చిపెట్టుకున్నాం: ఛార్జి, ఛాన్సు, ఛానెల్. ఇంగ్లీషు మాటలో మహాప్రాణమూ లేదు, ఛార్జి అని రాసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఒత్తి పలకనూ పలకరు. చాక్లెట్, చార్టు, చాక్‌పీసు ఒత్తు లేకుండానే సరిగ్గా పలుకుతున్నాం. కాబట్టి నా ఓటు చార్జికే. అయితే ఛార్జి పత్రికల్లో పాతుకుపోయింది, దాన్ని తప్పని కొట్టేయలేను. మీ పత్రిక ఏది పాటిస్తే అది రాయండి, ఒకే పేజీలో రెండూ రాయకండి.