ఆల్బమ్ సంగతి తర్వాత, ముందు మీ పియానిస్టును వెతుక్కోండి

జాజ్ గాయనిగా నిలదొక్కుకోవాలంటే ముందు ఆల్బమ్ చేయాలా, టూర్లు పట్టుకోవాలా, పేరున్న వాద్యకారులతో కలిసి పాడితే తొందరగా గుర్తింపు వస్తుందా అని అడిగారు. నేను గాయకుణ్ణి కాను, గాయనుల పక్కన పియానో వాయిస్తూ బతుకుతున్నవాణ్ణి. క్లబ్బులు, హోటల్ లాబీలు, ఫెస్టివల్ వేదికలు, స్టూడియోలు అన్నీ చూశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, మీరడిగిన మూడూ తర్వాతి సంగతులే. ముందు మీకంటూ ఒక పియానిస్టు కావాలి. పేరున్నవాడే అవ్వాలని లేదు. మీరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో తెలిసినవాడైతే చాలు.

టూర్లు నిజంగా ఎలా నడుస్తాయో చూస్తే నేనెందుకిలా అంటున్నానో మీకే తెలుస్తుంది. పోస్టర్ మీద పేరు పడే గాయనుల్లో కూడా చాలామంది ఒంటరిగానే తిరుగుతారు. చేతిలో సూట్‌కేసు, భుజాన సంచి, ఆ సంచిలో పాటల స్వరాలు రాసుకున్న చార్టుల ఫోల్డరు. ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో నిర్వాహకులు పియానోకి, బేస్‌కి, డ్రమ్స్‌కి ముగ్గురిని కుదిర్చి పెడతారు. మూడు టికెట్లు, మూడు గదుల ఖర్చు మిగులుతుందని ఈ పద్ధతి. సాయంత్రం సౌండ్‌చెక్‌లో కాసేపు కలిసి వాయిస్తారు, రాత్రి కచేరీ. మర్నాడు ఇంకో ఊరు, ఇంకో ముగ్గురు. అలా కుదిర్చిన ముగ్గురిలో ఒకణ్ణిగా నేను ఎన్నోసార్లు వాయించాను.

అందులో ఒక రాత్రి సంగతి మీకు చెప్పి తీరాలి. ఆవిడ నాకంటే వయసులో చాలా పెద్దది, ఏళ్ల తరబడి పాడుతున్న మనిషి. రైలు ఆలస్యమై, సౌండ్‌చెక్ వేళ దాటిపోయాక వచ్చింది. అప్పటికే జనం హాల్లోకి వచ్చి కూర్చుంటున్నారు. వేదిక వెనక మెట్ల మీదే ఫోల్డరు తెరిచింది. చార్టుల నిండా పెన్సిల్ గుర్తులు. ఒక్కో పాటకు పాత శ్రుతి కొట్టేసి పక్కన కొత్తది రాసుంది. వయసుతో గొంతు దిగుతున్న కొద్దీ పాటనూ దించుకుంటూ వచ్చిందన్నమాట. ఈ పాటలు చాలావాటికి వాద్యకారులంతా చెయ్యి తిరిగి వాయించే శ్రుతి ఒకటుంటుంది. ఆడగొంతుకు అది తరచూ సరిపడదు, నాలుగైదు మెట్లు అటో ఇటో జరపాలి. జరపడం రాని పియానిస్టు దొరికాడా, ఆ రాత్రికి గాయని పని అయిపోయినట్టే.

టెంపో ఎలా చెప్పిందనుకున్నారు? ఒకటీ రెండూ అని లెక్కపెట్టలేదు. ఆ పాటలో మాటలు బాగా కిక్కిరిసిన పంక్తి ఏదో దాన్ని కళ్లు మూసుకుని పెదాల మీదే అనుకుంది, రెండో మాత్రకూ నాలుగో మాత్రకూ చిటికె వేస్తూ. మాట నలగకుండా నోరు తిరిగే వేగమే పాట వేగం. కొత్త గాయనులు చాలామంది మొదటి పంక్తిని బట్టి టెంపో ఇచ్చేసి, మధ్యలోకి వచ్చేసరికి మాటలు మింగేస్తారు. మీరు పాడేవారు కాబట్టి ఇదొక్కటి మాత్రం రాసి పెట్టుకోండి. తర్వాత నాతో, "నేను ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వు మాట్లాడు. నేను పాడుతుంటే విను" అంది. మా రిహార్సల్ అంతే.

మూడో పాట నెమ్మదైన బాలడ్. సగం అయ్యిందో లేదో ఆవిడ ముందున్న మానిటర్ స్పీకర్ ఆగిపోయింది. హాల్లో వాళ్లకు అన్నీ వినబడుతున్నాయి, పాడే మనిషికి మాత్రం తన గొంతు తనకు సరిగా వినబడటం లేదు. అయినా పాట ఆపలేదు. చెయ్యి చాపి అరచేతిని నేలవైపు దించింది. డ్రమ్స్ కుర్రాడు కర్రలు పక్కన పెట్టి, మెత్తగా మోగే బ్రష్‌లు అందుకున్నాడు. మైకు వైరు లాక్కుంటూ వచ్చి గ్రాండ్ పియానో వంపులో నిలబడింది, ఒక చెయ్యి పియానో చెక్క మీద ఆనించి. తీగల మోత నేరుగా చెవికి తగిలే చోటది. బేస్ వాయించేవాడు సంగతి గ్రహించి తనూ తగ్గిపోయాడు. దాదాపుగా ఆవిడ గొంతూ నా రెండు చేతులే మిగిలాయి.

అసలు పాడటం అప్పుడు మొదలుపెట్టింది. ప్రతి పంక్తినీ ఆలస్యంగా ఎత్తుకుంటోంది. తాళం ముందుకు పోతుంటే మాట వెనకాల తీరిగ్గా వస్తోంది, పంక్తి చివర్లో వచ్చి కలుస్తోంది. నన్నడిగితే జాజ్ గానం ప్రాణమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. గాయని వెనకబడింది కదా అని పియానో కూడా తగ్గిందంటే పాట నీరుగారిపోతుంది. కాళ్ల కింద నేల కదలకుండా ఉంటేనే కదా ఎవరైనా తూలుతున్నట్టు నడవగలిగేది. ఆవిడ ఎంత వెనక్కి పోయినా నేను తాళం వదల్లేదు. ఆ భరోసా దొరికేసరికి ఇంకాస్త వెనక్కి పోయింది. చివరి ఎనిమిది బార్లతో, అంటే ఎనిమిది తాళం చుట్లతో, పాట ముగియాల్సిన చోట ముగించకుండా మళ్లీ బ్రిడ్జ్‌కి, అంటే పాట మధ్యలో బాణీ మారే భాగానికి వెళ్లింది. చార్టులో అలా లేదు, ముందు చెప్పనూ లేదు. ఆవిడ ఊపిరి తీసుకున్న తీరును బట్టే తెలిసింది నాకు, అది పై స్వరం కోసం తీసుకునే ఊపిరి. నా ఎడమ చెయ్యి బ్రిడ్జ్ వైపు తిరిగింది, ఇద్దరం ఒకేసారి అక్కడ దిగాం.

కచేరీ అయ్యాక తలుపు దగ్గర బల్ల వేసుకుని సీడీలు అమ్ముకుంటూ కూర్చుంది. తిరిగే గాయనుల సంపాదనలో ఆ బల్ల వాటా చిన్నదేం కాదు. నాకొకటి ఇచ్చి, "ఇందులో వాయించినవాళ్లు చాలా పెద్దవాళ్లు. స్టూడియోలోనే వాళ్లను మొదటిసారి కలిశాను. నేను దీన్ని వినను" అంది. నేను విన్నాను. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఎవరి పని వాళ్లు చక్కగా చేశారు, కానీ ఎవరూ ఇంకొకరి మాట విన్నట్టు లేదు. ఆవిడ మర్నాడు ఇంకో ఊరికి, ఇంకో ముగ్గురు కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. అంత గొంతున్న మనిషి ప్రతి రాత్రీ తనను తాను మొదటి నుంచీ పరిచయం చేసుకోవాల్సి రావడం తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

పాత రికార్డులు విన్నా ఇదే తేలుతుంది. గాయని బిల్లీ హాలిడే 1935 నుంచి పియానిస్టు టెడ్డీ విల్సన్ బృందంతో చేసినవి వినండి. 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు. వాద్యాల సోలోలు పోను చాలా పాటల్లో ఆమెకు మిగిలేది ఒక్క ఆవృత్తమే, అంటే పాటను ఒక్కసారి పాడేంత చోటే. ఆ కాస్త చోటులోనే తాళానికి వెనకగా నడిచే తన తీరు చూపించింది. విల్సన్ తాళాన్ని చెదరనివ్వలేదు కాబట్టే అది కుదిరింది. 1937లో లెస్టర్ యంగ్ శాక్సొఫోన్ వచ్చి చేరాక, ఆమె పంక్తికీ పంక్తికీ మధ్య ఖాళీల్లో అతను ఏం పలికాడో, ఎక్కడ ఊరుకున్నాడో వింటే పక్కవాద్యం ఎలా ఉండాలో ఇంక ఎవరూ నేర్పక్కర్లేదు.

గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960లో బెర్లిన్ కచేరీలో 'మ్యాక్ ద నైఫ్' పాడుతూ మాటలు మరిచిపోయి, అప్పటికప్పుడు కొత్త మాటలు అల్లుకుని పాట పూర్తి చేసింది. ఆ రికార్డుకే గ్రామీ వచ్చింది. అందరూ ఎల్లా సమయస్ఫూర్తిని మెచ్చుకుంటారు, మెచ్చుకోవాల్సిందే. కానీ ఆమె ఆ పాటను శ్రుతి పెంచుకుంటూ పెంచుకుంటూ పాడింది. పక్కన పాల్ స్మిత్ పియానో, జిమ్ హాల్ గిటార్, విల్‌ఫ్రెడ్ మిడిల్‌బ్రుక్స్ బేస్, గస్ జాన్సన్ డ్రమ్స్. ఆ నలుగురిలో ఒక్కరు తడబడి ఉంటే అది రికార్డుగా బయటికే వచ్చేది కాదు. ఆ తర్వాత పియానిస్టు టామీ ఫ్లానగన్ 1968 నుంచి 1978 దాకా ఎల్లా పక్కన వాయించాడు. ఆ పదేళ్ల ఫ్లానగన్ గురించి ఎవరు రాస్తున్నారు?

పాటతో పాటు దారిలో పడే అవమానాలు కూడా ఇద్దరివీ. 1954లో ఎల్లా ఆస్ట్రేలియా కచేరీలకు వెళ్తుంటే, ఫస్ట్ క్లాస్ టికెట్లున్నా హొనొలూలూలో పాన్ అమెరికన్ విమానం ఎక్కనివ్వలేదు. పియానిస్టు జాన్ లూయిస్‌నూ ఎక్కనివ్వలేదు. జాతి వివక్ష అని కోర్టుకెక్కారు, చివరికి రాజీ కుదిరింది. కానీ ఆ లోపు సిడ్నీ కచేరీలు పోయాయి. టూరంటే ఫోటోల్లో కనిపించే వెలుగులే అనుకునేవాళ్లు ఇలాంటివి కూడా చదవాలి.

ఇంకొక బాధ కూడా చెప్పుకోనివ్వండి. ఎల్‌పీ అట్ట వెనక వాయించినవాళ్ల పేర్లన్నీ ఉండేవి. చిన్నప్పుడు నేను ఆ అట్టలు చదివే పియానిస్టులను తెలుసుకున్నాను. ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లో పాట వస్తుంటే గాయని ముఖం పెద్దగా కనిపిస్తుంది, పియానో ఎవరిదో తెలుసుకోవాలంటే ఎక్కడెక్కడో వెతకాలి. డబ్బు సంగతీ అంతే. అమెరికాలో ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రాసినవారికీ ప్రచురణకర్తకూ రాయల్టీ వెళ్తుంది, పాడిన మనిషికి గానీ వాయించిన మనిషికి గానీ పైసా రాదు. జాజ్ గాయనులు ఎక్కువగా పాడేది ఎవరో ఎప్పుడో రాసిన పాటలే కాబట్టి ఆ డబ్బు వాళ్ల గడప తొక్కదు. అబీ లింకన్ లాగా సొంత పాటలు రాసుకోగలిగితే కొంత నయం. ఆల్బమ్ ఇల్లు నడిపిస్తుందనే ఆశ మాత్రం పెట్టుకోవద్దు. అది మీ తరఫున తలుపు తట్టడానికి పనికొస్తుంది, మీకు అన్నం పెట్టేది కచేరీలే.

పేరున్నవాళ్లతో కలిసి పాడటం గురించి అడిగారు. పేరు వల్ల కలిసొచ్చేదేమీ లేదనే నా అభిప్రాయం, వినే గుణమున్న మనిషి అయితేనే కలిసొస్తుంది. 1963లో శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్, గాయకుడు జానీ హార్ట్‌మన్‌తో చేసిన ఆల్బమ్ వినండి. కోల్ట్రేన్ అప్పటికే సుడిగాలిలా వాయిస్తున్నవాడు. ఇక్కడ మాత్రం గొంతుకు చోటిచ్చి పక్కకు జరిగాడు. వెనక మెకాయ్ టైనర్, జిమ్మీ గ్యారిసన్, ఎల్విన్ జోన్స్, ఏళ్లుగా అతనితో ఉన్న బృందం. 1975లో గాయకుడు టోనీ బెన్నెట్, పియానిస్టు బిల్ ఇవాన్స్ ఇద్దరే కూర్చుని ఒక ఆల్బమ్ చేశారు, బేస్ లేదు, డ్రమ్స్ లేవు. 2018లో గాయని సెసిల్ మెక్‌లోరిన్ సాల్వంట్, పియానిస్టు సలివన్ ఫోర్ట్‌నర్‌తో చేసింది కూడా దాదాపు అంతా అలాంటిదే, దానికి గ్రామీ వచ్చింది. ఈ మూడూ విన్నాక, గాయనిని అద్దాల గదిలో ఒంటరిగా నిలబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, ముందే చేసిన ట్రాక్ మీద పాడించే నేటి అలవాటు మీకే రుచించదు. ఒక్కో మాటను విడివిడిగా పాడించి అతికిస్తున్నారు కూడా. నాకు వాటిలో ఊపిరి వినబడదు.

గాయనే బృందాన్ని తయారు చేసుకోవచ్చని బెటీ కార్టర్ చూపించింది. 1970ల్లో సొంత సంస్థ బెట్-కార్ మీద రికార్డులు వేసుకుంది. ముల్‌గ్రూ మిల్లర్, బెన్నీ గ్రీన్, సైరస్ చెస్ట్‌నట్ లాంటి పియానిస్టులు చిన్న వయసులో ఆమె దగ్గర వాయించే రాటుదేలారు. షర్లీ హార్న్‌ది ఇంకో దారి, తన పియానో తనే వాయించుకుంటూ పాడింది. బేస్ చార్ల్స్ ఏబుల్స్‌ది, డ్రమ్స్ స్టీవ్ విలియమ్స్‌వి, ఏళ్ల తరబడి వాళ్లే. ఆమె అంత నెమ్మదిగా పాడగలిగిందంటే ఆ ముగ్గురికీ ఒకరి నిశ్శబ్దం ఒకరికి తెలుసు కాబట్టే. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆమె మొదటి ఆల్బమ్ విని న్యూయార్క్‌లోని విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బుకు పిలిపించుకున్నాడు. 1991లో వచ్చిన ఆమె ఆల్బమ్‌లో ట్రంపెట్ కూడా వాయించాడు. అదే ఏడాది పోయాడు.

మీరూ కాస్త పియానో నేర్చుకోండి. సారా వాన్ 1943లో ఎర్ల్ హైన్స్ బృందంలో చేరినప్పుడు గాయనిగానే కాక రెండో పియానిస్టుగా కూడా చేరింది. కార్మెన్ మెక్రే కూడా పియానో వాయించేది. మీ శ్రుతి ఏదో, మీ గొంతు కింద ఎలాంటి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) ఉంటే హాయిగా ఉంటుందో మీరే చెప్పగలిగితే ఏ ఊళ్లో ఎవరు దొరికినా సగం గండం గడుస్తుంది.

ఇక పియానిస్టును ఎలా వెతకాలి అంటారా, ఎవరైనా వచ్చి కలిసి వాయించే జామ్ సెషన్లకు వెళ్లి మీ పాట అయిపోయాక వెంటనే వెళ్లిపోకండి. వేరే గాయనులు పాడుతున్నప్పుడు ఎవరు తక్కువ వాయిస్తున్నారో చూడండి. సోలోలో మెరుపులు మెరిపించేవాణ్ణి పక్కన పెట్టి, ఇంకొకరి పాట వింటూ తల ఎత్తి ఆమె ముఖం చూసేవాణ్ణి పట్టుకోండి. వారానికోసారి ఏదైనా చిన్న చోట ఇద్దరే కూర్చుని పాడే పని ఒప్పుకోండి, వచ్చినదాంట్లో సగం సగం పంచుకోండి. పాటలన్నీ ఒక్కో శ్రుతిలో, ఒక్కో వేగంలో తిప్పి తిప్పి పాడి చూడండి. చార్టు తెరవకుండా ఒక రాత్రంతా పాడగలిగిన రోజున స్టూడియోకి ఫోన్ చేయండి. ఇద్దరూ ఒకే గదిలో, ఒకరికొకరు కనబడేలా కూర్చుంటామని ముందే చెప్పండి. ఇంజనీరు ఒప్పుకోకపోతే వేరే స్టూడియో చూసుకోండి. టూర్ పిలుపు వస్తే రెండో టికెట్ అడగండి. మొదటిసారి ఇవ్వకపోవచ్చు, మీ పారితోషికంలోంచి అయినా సరే అతన్ని వెంట తీసుకెళ్లండి.