జూన్ ఖర్చు కోసం కుట్టుమిషన్ కొనాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. మా ఆయన జీతం 19,000. బాబు ఆరో తరగతి, ఎనిమిదేళ్ల పాప మూడో తరగతి. ఇద్దరూ ప్రైవేటు స్కూలే. మొన్న జూన్‌లో ఫీజు కాక సామానుకే 11,400 అయింది. బ్యాగులు 2,200, లంచ్ బ్యాగులు, సీసాలు 1,400, నోటుబుక్కులు 3,200, పౌచ్‌లు, జామెట్రీ బాక్సులు, పెన్సిళ్లు 1,300, అట్టలు, లేబుళ్లు 600, బూట్లు 2,700. అందులో 6,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, ఐదు నెలలకి కార్తీకంలో తీర్చాం. నాకు కుట్టు వచ్చు. వచ్చే ఏడు బ్యాగులతో సహా అన్నీ ఇంట్లోనే చేద్దామని, 14,000 పెట్టి వాయిదాల మీద మోటారు మిషన్ తీసుకుందామని ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా, మిషన్ ఇప్పుడు తీసుకోకండి. ఇంట్లో చెయ్యాలన్న ఆలోచన మాత్రం వదలకండి. అందులో నిజంగా డబ్బు మిగులుతుంది. ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ మిగలదో చూద్దాం.

ముందు అట్టలు. రెడీమేడ్ అట్టలు, బొమ్మల లేబుళ్లు మానేసి బ్రౌన్ పేపర్ చుట్ట ఒకటి తెచ్చుకోండి. విజయనగరం గంటస్తంభం వైపు వెళ్లినప్పుడు ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి తెచ్చుకుంటే ఇంకా కలిసొస్తుంది. తెల్ల కాగితం ముక్కలే లేబుళ్లు. 80 రూపాయల్లో అయిపోతుంది, 520 మిగులుతుంది. అయితే ఏ రంగు అట్ట వెయ్యాలో క్లాసు టీచర్ని ముందే అడగండి, రెండుసార్లు వేసే పని ఉండదు.

పౌచ్‌లకి పాత జీన్స్ ప్యాంటు కాలు చాలు, జిప్పులే కొనాలి. రెండింటి మీద 460 దాకా మిగులుతుంది. లంచ్ బ్యాగుకి బయట జీన్స్, లోపల విరిగిన గొడుగు గుడ్డ వెయ్యండి, సాంబారు కారినా తుడిస్తే పోతుంది. అక్కడ మరో 550.

రఫ్ పుస్తకాలు కొనకండి. పాత నోటుబుక్కుల చివర్లో మిగిలిన కాగితాలతో అవి తయారవుతాయి. మధ్యలో పిన్నులు పీకితే లాభం లేదు, చివరి తెల్ల కాగితానికి అవతలి సగం మొదట్లో రాసేసిన కాగితమే. అందుకే తెల్లవాటిని బ్లేడుతో కోసి, దొంతి పెట్టి, పక్కన అర అంగుళం వదిలి దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి నూలు దారంతో కుట్టండి. పైన పాత క్యాలెండర్ అట్ట. ఆరు పుస్తకాలు అయితే 330 మిగిలినట్టే.

మొత్తం 1,860. ఈ లెక్కన 14,000 మిషన్ ఖర్చు రాబట్టడానికి ఏడున్నరేళ్లు పడుతుంది, పైగా వాయిదాల వడ్డీ. పౌచ్‌లు, లంచ్ బ్యాగులు కుట్టడానికి రెండు మధ్యాహ్నాలు చాలు, ఊళ్లో ఎవరిదైనా మిషన్ మీద కుట్టుకోండి.

స్కూలు బ్యాగు మాత్రం ఇంట్లో కుట్టొద్దు. పుస్తకాల బరువుకి భుజం పట్టీలు ఊడిపోతాయి. నెల్లిమర్ల జనపనార మిల్లులున్న జిల్లా మనది కాబట్టి గోనె గుడ్డ మీదికి మనసు పోతుంది, కానీ జూన్, జూలై వానల్లో అది తడిస్తే త్వరగా ఆరదు, లోపల పుస్తకాలూ తడుస్తాయి. ఉన్న బ్యాగుల్నే ఉతికి, జిప్పు మార్పించి, పట్టీలకి రెండో కుట్టు వేయించి మరో ఏడాది వాడండి. ఆ 2,200 మొత్తంగా కాకపోయినా దాదాపుగా మిగులుతుంది. బూట్లలో పొదుపు చూడకండి, పాదాలు పెరిగే వయసు.

నాకు పాప గురించే ఎక్కువ ఆలోచన. పక్క పిల్ల దగ్గర బొమ్మల బ్యాగుంటే ఎనిమిదేళ్ల పిల్లకి చిన్నతనంగా ఉంటుంది, దాన్ని మారాం అని కొట్టిపారేయకండి. పౌచ్ గుడ్డ, దారం రంగు పాపనే ఎంచుకోనివ్వండి. తన పేరు తనే పెన్సిల్‌తో రాస్తే దాని మీద మీరు గొలుసుకుట్టు వెయ్యండి. పాత బ్యాగు జేబు మీద తనకి నచ్చిన పువ్వు కుట్టండి. అప్పుడది అమ్మ మిగుల్చుకున్న బ్యాగు కాదు, తన బ్యాగు. పెన్సిల్ చివర అర అంగుళం చెక్కి పేరు రాసే పాత పద్ధతీ నేర్పండి, పోయే పెన్సిళ్లు తగ్గుతాయి.

ఇక అసలు రంధ్రం అప్పు. 6,000కి నెలకి 180 చొప్పున ఐదు నెలలకి 900 వడ్డీ కట్టారు. మీరు అట్టల్లో, రఫ్ పుస్తకాల్లో మిగిల్చేదంతా కలిపినా 850, వడ్డీయే ఎక్కువ. అందుకే ఈ వారంలోనే పోస్టాఫీసులో విడిగా సేవింగ్స్ ఖాతా తెరవండి, 500 ఉంటే చాలు. నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వద్దు, పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, మీకు డబ్బు కావలసింది జూన్‌కి. వచ్చే ఏడు కొనాల్సినవి దాదాపు 7,340. డిసెంబరు నుంచి మే దాకా జీతం పడిన రోజే నెలకి 1,225 అందులో వెయ్యండి, చేతిలో డబ్బుతో కొట్టుకి వెళ్తారు. తర్వాతి ఏడాది బ్యాగులు కొత్తవి కావాలి, అయినా పన్నెండు నెలలు ఉంటాయి కాబట్టి నెలకి 800 చాలు. పిల్లల చదువుకి ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బు పడితే ఫీజుకి కట్టండి, పడకముందే దాన్ని నమ్ముకుని అప్పు తేకండి.

మరొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుబుక్కులు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద జీఎస్టీ లేదు. బిల్లులో పన్ను కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి.

వడ్డీకి పోయే ఆ 900 ఈసారి మిగులుతుంది కదా, అందులోంచి 250తో పాప పేరున అదే పోస్టాఫీసులో ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి ఖాతా మొదలుపెట్టండి. పదేళ్లు నిండితే తెరవడానికి ఉండదు, పాపకి ఎనిమిది వచ్చేశాయి.