పెద్ద ఇంజెక్షన్ కాదు, సరైన ఇంజెక్షన్

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయనకు 62 ఏళ్లు. పక్షవాతం వస్తే నల్లగొండలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. వెంటిలేటర్ పెట్టిన ఐదో రోజు జ్వరం, నిమ్ము అన్నారు. చేర్చినప్పుడు లేనిది ఐసీయూలో ఎట్లా వచ్చింది? కల్చర్ రిపోర్టుకు మూడు రోజులట, అప్పటిదాకా ఊరికే ఉండాలా? ఇంకా పెద్ద ఇంజెక్షన్ వేయమని మా చిన్నాయన గొడవ పడుతున్నాడు.

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు రోజుల టెన్షన్ తీసేస్తాను. ఊరికే ఉండరు. తెమడ, రక్తం పరీక్షకు తీసుకుని, అనుమానం ఉన్న క్రిములన్నిటి మీదా పనిచేసే మందు వెంటనే మొదలుపెడతారు. ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోతే గంటలోపే మందు పడాలి. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు, అందుకే మందు వేయకముందే పరీక్షకు తీస్తారు. కల్చర్ అంటే ఆ క్రిమిని ల్యాబ్‌లో పెంచి, ఏ మందుకు చస్తుందో చూడటం. వడ్లు నానేసి మొలక కట్టినట్టే, తొందరపెడితే రాదు.

మీ చిన్నాయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ మన దేశపు ఐసీయూల్లో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి క్రిములు కొన్ని మెరోపెనెమ్ అనే పెద్ద యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌కు కూడా లొంగడం లేదు, అప్పుడు వాడే కొలిస్టిన్ అనే మందు కిడ్నీలను దెబ్బతీయొచ్చు. కాబట్టి పెద్ద మందు అడగకండి, "కల్చర్ పంపారా, ఏమొచ్చింది?" అని అడగండి. రిపోర్టు చూసి ఆ క్రిమికి సరిపోయే చిన్న మందుకు మారిస్తే భయపడొద్దు, అది మంచి వైద్యం. ఇట్లాంటి నిమ్ముకు చాలామందికి 7 రోజుల కోర్సు సరిపోతుంది.

ఇక ఎట్లా వచ్చిందంటే, పక్షవాతంలో మింగడం, దగ్గడం తగ్గిపోతాయి, గొంతులో గొట్టం ఉంటుంది, నోట్లో ఊరే ఉమ్మి క్రిములతో సహా ఆ గొట్టం పక్కనుంచి మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. వెంటిలేటర్ పెట్టిన 48 గంటలు దాటాక ఎప్పుడైనా రావొచ్చు. ప్రతిసారీ ఎవరి నిర్లక్ష్యమో అనలేం, కానీ చాలావరకు తగ్గించొచ్చు. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా, నోరు శుభ్రం చేస్తున్నారా మీరే చూడండి. వెంటిలేటర్ ఎప్పుడు తీయొచ్చు, మెడ దగ్గర రక్తనాళంలో పెట్టిన గొట్టం (లైన్), మూత్రం పైపు ఇంకా అవసరమా అని రోజూ అడగండి, మొహమాటపడకండి. అవసరం లేని పైపు ఒక్కరోజు ఎక్కువున్నా క్రిమికి దారి ఇచ్చినట్టే.

మన దగ్గర ఒకరు ఆసుపత్రిలో ఉంటే ఊరంతా ఆటోలో దిగుతారు. అది ప్రేమే, నాకు తెలుసు. లోపలికి మాత్రం ఒక్కరే వెళ్లండి, శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకుని ముట్టుకోండి, డాక్టరైనా నర్సైనా మరిస్తే మర్యాదగా గుర్తుచేయండి. చెర్వుగట్టు గుడి విభూతి తెస్తే నర్సును అడిగి నుదుట పెట్టండి. తీర్థం మాత్రం ఆయన నోట్లో ఒక్క చుక్క కూడా పోయొద్దు.