బీపీ ఉన్న ఇంట్లో చిల్లీ చికెన్: నూనె సంగతి తర్వాత, ముందు ఉప్పు చూడండి

మీరు అడిగింది ఇదీ: బండి మీది చిల్లీ చికెన్ రుచి పోకుండా ఇంట్లో తక్కువ నూనెతో ఎట్లా చేయాలి, ఎయిర్ ఫ్రయర్ కొనాలా, నాన్నకు బీపీ, పిల్లలేమో వారం వారం అడుగుతున్నారు అని. ఎయిర్ ఫ్రయర్ అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఇనుప కడాయి చాలు. ఇందులో నూనె తగ్గించడం అన్నిటికన్నా సులువైన పని. మీ నాన్నగారికి అసలు ముప్పు సోయా సాస్ సీసాలో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఉప్పులో బీపీని పెంచేది సోడియం. ఒక టేబుల్ స్పూన్ మామూలు సోయా సాస్‌లో అది దాదాపు 900 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక టీస్పూన్ ఉప్పులో సుమారు 2,300. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు రోజంతటికీ 2,000 లోపు, అంటే ఉప్పు లెక్కన 5 గ్రాముల లోపు. ఇప్పుడు వీడియోల్లో చూపించే పద్ధతి చూడండి. అరకిలో చికెన్ నానబెట్టేటప్పుడే టీస్పూన్ ఉప్పు, ఆ తర్వాత రెండు టేబుల్ స్పూన్ల సోయా, పైన చిల్లీ సాస్, దాని పైన కెచప్. చివరి రెండింట్లోనూ ఉప్పు ఉంది. మొత్తం 4,000 దాటుతుంది. నలుగురు పంచుకున్నా తలా వెయ్యి పైనే. పక్కన ఫ్రైడ్ రైస్ పెట్టారంటే అందులో మళ్లీ సోయా, మళ్లీ ఉప్పు. ఇట్లాంటి వంటకాన్ని ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టి 'హెల్దీ' అని పేరు పెడితే బీపీకి ఏం ఒరుగుతుంది?

బండి రుచి ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలియాలి, లేకపోతే తీసేయకూడనిది తీసేస్తాం. మన వరంగల్‌లో హన్మకొండ చౌరస్తా వైపో, కాజీపేట స్టేషన్ బయటో సాయంత్రం ఏడింటికి బండి పక్కన నిలబడి మాస్టర్ చేతులు గమనించండి. ముక్కలు అప్పటికే ఒకసారి వేయించి స్టీల్ బేసిన్‌లో కుప్పగా పోసి ఉంటాయి. ఆర్డర్ రాగానే గుప్పెడు తీసి మళ్లీ మరిగే నూనెలో వేస్తాడు. జల్లి గరిటెతో ఎత్తి పక్కన పెడతాడు. ఇంకో కడాయి హై ప్రెషర్ బర్నర్ మీద పొగలు కక్కుతుంటుంది. అందులో గరిటెడు నూనె, తరిగిన ఎల్లిగడ్డ (వెల్లుల్లి), అల్లం, పచ్చిమిర్చి పడతాయి. పది సెకన్లలో వాసన రోడ్డు దాటుతుంది. ఉల్లిగడ్డ, క్యాప్సికమ్ వేసి రెండు ఎగరవేతలు, సాస్‌లు, చెంచాడు కార్న్‌ఫ్లోర్ నీళ్లు, ముక్కలు, ఉల్లాకు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇందులో రుచినిచ్చేవి మూడు: పొడిగా ఎర్రబడిన ముక్క అంచు, మాడకుండా వేగిన ఎల్లిగడ్డ, ముక్కకు పట్టి ఉండే పల్చటి పూత. రెండుసార్లు నూనెలో ముంచడం వాళ్ల అవసరం, గిరాకీ వచ్చినప్పుడు తొందరగా ఇవ్వాలి కాబట్టి. మీకు ఆ తొందర లేదు. పైగా వేయించిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె చెడినప్పుడు పుట్టే పదార్థాలు, పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచే దిక్కు లేదు. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న పెద్ద లాభం నూనె తక్కువ కావడం కన్నా, ఆ నూనె తాజాది కావడం.

రంగు గురించి కూడా చెప్పాలి, ఇది నాకు కోపం తెప్పించే విషయం. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది, జూన్‌లో కబాబ్‌ల విషయంలోనూ అదే చేసింది. మన దగ్గర ఇంట్లో చేసేవాళ్లు కూడా చిటికెడు రెడ్ కలర్ వేయకపోతే చిల్లీ చికెన్ కాదనుకుంటున్నారు. వరంగల్‌లో ఉండి ఈ పని చేయడం అన్యాయం! చపాటా మిర్చి మన నేల పంట. టమాటా మిర్చి అని కూడా అంటాం, 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని గుణమే అది: రంగు ఎక్కువ, కారం తక్కువ. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో రంగు పొట్లం కొనాల్సిన పని ఏముంది? ఎనిమిది ఎండు చపాటా కాయలు తీసుకుని తొడిమలు, గింజలు తీసేయండి. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఒక టీస్పూన్ వెనిగర్, రెండు మూడు చెంచాల నానిన నీళ్లు వేసి మెత్తగా రుబ్బండి. తొక్క నోటికి తగులుతుంది కాబట్టి జల్లెడలో వడకట్టండి. ఈ ముద్ద రెడ్ చిల్లీ సాస్‌కు, కెచప్‌కు, రంగుకు మూడింటికీ బదులు. ఇందులో ఉప్పు సున్నా. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం వాడుకోవచ్చు.

ఇక చికెన్. చికెన్ సెంటర్‌లో స్కిన్‌లెస్ లెగ్ బోన్‌లెస్ అడగండి, బ్రెస్ట్ వద్దు. బ్రెస్ట్‌లో కొవ్వు కొంచెం తక్కువే, కానీ ఒక్క నిమిషం ఎక్కువ వేగినా పీచులా అవుతుంది. అప్పుడు దాన్ని మింగడానికి సాస్ ఎక్కువ పోస్తారు, తగ్గించిన ఉప్పు మళ్లీ అక్కడికే వస్తుంది. అరకిలోను అంగుళం ముక్కలుగా కోయించండి. మనం పసుపు, ఉప్పు వేసి కడగనిదే వండం. కడిగితే నీళ్లు సింకు చుట్టూ చిందకుండా చూసుకోండి, ఆ చినుకుల్లో సూక్ష్మజీవులు ఉంటాయి. కడిగిన తర్వాత జల్లెడలో పది నిమిషాలు వడకట్టి, శుభ్రమైన పొడిగుడ్డతో ఒత్తి తుడవండి. పూత ఊడిపోయేది చాలాసార్లు ఈ తడి వల్లే.

పూతకు కావలసినవి: ఒక గుడ్డు తెల్లసొన, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక టీస్పూన్ తాజాగా దంచిన అల్లం ఎల్లిగడ్డ, అర టీస్పూన్ మిరియాల పొడి, రెండు టీస్పూన్ల చపాటా ముద్ద, ఒక టీస్పూన్ నూనె. ఉప్పు లేదు, సోయా లేదు, మర్చిపోయి రాయనిది కాదు. లోపలికి ఇంకిన ఉప్పు నాలుకకు తక్కువ తెలుస్తుంది, పైన సాస్‌లో ఉన్న ఉప్పు బాగా తెలుస్తుంది. కాబట్టి ఉన్న కాస్త ఉప్పంతా చివర్లో సాస్‌లోనే వేయాలి. మైదా వేయకండి, అది నూనె పీల్చి మందంగా తయారవుతుంది. ఓట్స్ పొడి వేయమని చెప్పేవాళ్ల మాట కూడా వినకండి, ముక్కకు గంజి అంటినట్టు ఉంటుంది. అంగట్లో కొన్న అల్లం వెల్లుల్లి పేస్ట్‌లో ఉప్పు కలిపే ఉంటుంది, పొట్లం వెనక చదవండి. ముక్క మెత్తబడాలని వంట సోడా చల్లడం హోటల్ పద్ధతి. సోడాలో నాలుగో వంతుకు పైగా సోడియమే, లెగ్ ముక్కకు దాని అవసరమే లేదు. అంతా కలిపి ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి.

కడాయి దగ్గరే చాలామంది ఓడిపోతారు. ఇంటి గ్యాస్ స్టవ్‌కు బండి బర్నర్ మంట రాదు. అరకిలో చికెన్ ఒక్కసారి గుమ్మరిస్తే కడాయి చల్లబడుతుంది, ముక్కల్లోంచి నీళ్లు ఊరతాయి, వేగాల్సింది ఉడుకుతుంది, పూత జిగురై అడుగంటుతుంది. అప్పుడు భయపడి నూనె పోస్తారు. అట్లా కాకుండా రెండు విడతలు చేయండి. వెడల్పాటి ఇనుప కడాయిని గానీ ఇనుప పెనాన్ని గానీ పెద్ద మంట మీద రెండు నిమిషాలు వట్టిగా కాచండి. నీటి చుక్క వేస్తే జరజరా జారి ఆవిరవ్వాలి. అప్పుడు ఒక టేబుల్ స్పూన్ పల్లి నూనె వేసి, పాత్ర అంతా అంటేటట్టు తిప్పి, పావుకిలో ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచండి. రెండు నిమిషాలు కదపకండి. చేయి ఆగదు, అయినా ఆపుకోండి. కింది వైపు ఎర్రబడ్డ తర్వాత ముక్క తనంతట తాను అడుగు వదులుతుంది, ముందే గీకితే పూత కడాయికి, మాంసం గరిటెకు వస్తాయి. తిప్పి ఇంకో రెండు నిమిషాలు. ఒక ముక్క కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉండకూడదు. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. తీసి పళ్లెంలో పెట్టి, రెండో విడతకు మరో టేబుల్ స్పూన్ నూనె. నాన్‌స్టిక్ అయితే వట్టిగా ఇంతలా కాచొద్దు, నూనె వేసి మధ్య మంట మీదే చేయండి. రంగు కొంచెం తగ్గుతుంది, అంతే.

సాస్ ముందే ఒక గిన్నెలో కలిపి పక్కన పెట్టుకోవాలి, వేగుతుండగా సీసాల మూతలు తిప్పుతూ కూర్చుంటే ఎల్లిగడ్డ మాడుతుంది. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్, మూడు టీస్పూన్ల చపాటా ముద్ద, అర టీస్పూన్ బెల్లం పొడి, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్, ఐదు టేబుల్ స్పూన్ల నీళ్లు, పావు టీస్పూన్ టేస్టింగ్ సాల్ట్ (అజినొమోటో, అంటే మోనోసోడియం గ్లుటమేట్).

టేస్టింగ్ సాల్ట్ అనగానే ముఖం తిప్పుకుంటారని తెలుసు. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి వేరుచేసిన పదార్థం ఇది. టమాటాల్లో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లుటమేటే ఇందులోనూ ఉంది. దీని మీద భయం 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు వచ్చిన ఉత్తరంతో మొదలైంది. ఉప్పులో సోడియం 39 శాతం ఉంటే ఇందులో 12 శాతమే. బీపీ ఉన్న ఇంట్లో ఉప్పు తీసేసి పావు టీస్పూన్ ఇది వేయడం తెలివైన పని అని నా గట్టి నమ్మకం. అస్సలు వద్దనుకుంటే బాగా పండిన టమాటా ఒకటి తురిమి, ఎల్లిగడ్డ వేగిన వెంటనే వేసి దగ్గరపడేదాకా వేయించండి. పొటాషియం కలిపిన 'లో సోడియం' ఉప్పు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మందులు వేసుకునేవాళ్లకు అది ప్రమాదం.

అదే కడాయిలో ఒక టీస్పూన్ నూనె వేసి పది ఎల్లిగడ్డ రెబ్బల తరుగు, అంగుళంన్నర అల్లం తరుగు, చీల్చిన నాలుగు పచ్చిమిర్చి వేయండి. ఇక్కడ పేస్ట్ పనికిరాదు, తరుగే కావాలి. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు చికెన్ మంచూరియా పుట్టించాడని చెప్పే కథలో కూడా ఉన్నవి ఈ మూడూ, సోయా, కార్న్‌ఫ్లోరే. కెచప్, రంగు మధ్యలో వచ్చి చేరినవి. ఎల్లిగడ్డ అంచు బంగారు రంగు తిరగగానే, గోధుమ రంగు రాకముందే, రెబ్బలుగా విడదీసిన ఒక పెద్ద ఉల్లిగడ్డ, ఒక క్యాప్సికమ్ వేసి పెద్ద మంట మీద ఒక నిమిషం. చికెన్ వేయండి. గిన్నె అడుగున పిండి పేరుకుని ఉంటుంది కాబట్టి సాస్‌ను మళ్లీ కలిపి పోయండి. నలభై సెకన్లలో చిక్కబడి మెరుస్తుంది, మంట ఆపేయండి. వెనిగర్ రెండు టీస్పూన్లు ఇప్పుడే, మంట ఆపాకే. ముందే వేసి మరిగిస్తే పులుపు పిండి చిక్కదనాన్ని విరగ్గొడుతుంది, సాస్ నీళ్లలా జారుతుంది, వాసన కూడా ఎగిరిపోతుంది. గుప్పెడు ఉల్లాకు చల్లి కలపండి.

నూనె పూతలోదాంతో కలిపి 40 మిల్లీలీటర్లు, నలుగురికి పంచితే తలా రెండు టీస్పూన్లు. సోడియం కోడిలో సహజంగా ఉండేదాన్నీ లెక్కేసినా మొత్తం 1,400 మిల్లీగ్రాముల దగ్గర, తలా 350. వీడియో పద్ధతిలో వెయ్యి పైన అని గుర్తుంది కదా. మొదట్లో చప్పగా అనిపిస్తే ఉప్పు డబ్బా దగ్గరికి పోకుండా అర చెక్క నిమ్మరసం పిండి, దంచిన మిరియాలు చల్లండి. అయినా పిల్లలు ఒప్పుకోకపోతే నాన్నగారి వంతు పక్కకు తీసి, మిగిలినదాంట్లో ఒక టీస్పూన్ సోయా కలపండి.

ఫ్రైడ్ రైస్ బదులు తెల్లన్నమో, జొన్న రొట్టెనో పెట్టండి. రొట్టెకైతే సాస్‌లో నీళ్లు ఐదు చెంచాలకు బదులు అర గ్లాసు, కార్న్‌ఫ్లోర్ రెండు టీస్పూన్లు చేయండి, సోయా మాత్రం పెంచొద్దు. మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయండి. మైక్రోవేవ్‌లో పూత నానిపోతుంది. పెనం మీద ఒక చెంచా నీళ్లు చల్లి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద పొగలు వచ్చేదాకా వేడి చేయండి.